మేనేజరు ఎలా ఉన్నాడు

పదకొండింటికి గానీ ఆయన ఫోన్ చెయ్యరు, ఇప్పుడు పదీ ఎనిమిదయింది, అంటే ఇంకో యాభై రెండు నిమిషాలు చేప బతికుంటే చాలు, ఆ పైన సంగతి ఆ పైన చూసుకోవచ్చు అనుకున్నాను, అనుకున్న మరుక్షణం నా మీద నాకే సిగ్గేసింది. చేప ప్రాణానికీ ఫోన్‌కూ ముడిపెట్టడమేమిటి? కానీ ఆ ముడి నేను వేసింది కాదు. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం పదకొండు గంటలకు ఫోన్ మోగుతుంది, "మేనేజరు ఎలా ఉన్నాడు?" అంటారు ఆయన, "బాగున్నాడు" అంటాను నేను, "మేత తింటున్నాడా?", "తింటున్నాడు", "సరే అయితే", అంతే, పెట్టేస్తారు. నలభై ఒక్క సెకన్లు. ఒక్కోసారి ముప్ఫై ఎనిమిది. ఒకే ఒక్క వారం యాభై నాలుగు దాకా వెళ్ళింది గానీ అందులో పది సెకన్లు ఆయన దగ్గు. మేనేజరంటే మనిషి కాదు. నా ఎదురుగా ఉన్న అక్వేరియంలో, మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరులో, పొద్దున ఏడింటి నుంచీ నోరు తెరుస్తూ మూస్తూ తేలుతున్న గోల్డ్ ఫిష్. జానెడు పొడవు, పదకొండేళ్ళ వయసు, ఒకప్పుడు నారింజ రంగు, ఇప్పుడు నా తలలాగే అక్కడక్కడా తెల్లబడింది. ఆయన పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో వెనకటి మేనేజరు కూడా ఇలాగే పనేమీ చెయ్యకుండా నాలుగు మూలలూ తిరిగి చూసి, నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసేవాడట, అందుకని ఆ పేరు. ఇరవై నాలుగేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి ఇప్పుడు నన్ను అడిగేది ఈ చేప గురించి మాత్రమే. నువ్వెలా ఉన్నావని అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఈ చేప కాస్తా పోతే ఇంక దేని గురించి అడుగుతారు? అడగడానికేమీ లేకపోతే ఎందుకు ఫోన్ చేస్తారు?

పాత నీళ్ళుంటే ఇంత గుబులుండేది కాదు. నిన్న సాయంత్రం పాత ఇంట్లో కూర్చుని, తొట్టెలోంచి పైపుతో నీళ్ళు లాగి నీలం డ్రమ్ము నిండా పట్టాను. చేపను కొత్త నీళ్ళలో ఒక్కసారిగా వదిలితే తట్టుకోలేదని, కనీసం సగమైనా పాత నీళ్ళుండాలని చేపల దుకాణం అతను మరీ మరీ చెప్పాడు. డ్రమ్ముకు మూత పెట్టి, మూత మీద తెల్ల టేపు అంటించి, 'పారబొయ్యకూడదు' అని గుండ్రంగా రాశాను కూడా. సామాన్లు మోసేవాళ్ళ పెద్ద, నడుముకు అరచెయ్యి వెడల్పు తోలుబెల్టు కట్టుకున్నాయన, పాపం మంచివాడే, అద్దాల బీరువాను చంటిపిల్లను దించినట్టు దించాడు. అంతా పైకి, ఈ కొత్త ఇంట్లోకి చేరాక చూస్తే డ్రమ్ము ఖాళీ. "ఇందులో నీళ్ళేవండీ?" అన్నాను. "అవా? కిందే పారబోయించానమ్మా. వట్టి మురికి నీళ్ళు, వాసన కూడా కొడుతున్నాయి. అవి మోసుకుని మూడంతస్తులు ఎక్కితే మావాళ్ళ నడుములు మిగులుతాయా? డ్రమ్ము తోమించి మరీ పెట్టాను, చూసుకోండి." మూత మీద రాశాను కదా అంటే, "మూత తీసి పక్కన పెట్టేశాక మూత మీదున్నది ఎవరు చదువుతారమ్మా" అన్నాడు, నిజమే. చేపకు పాత నీళ్ళు కావాలండీ అన్నాను. ఆయన నవ్వాడు. "నీళ్ళలో పాతేంటి, కొత్తేంటి? కొత్త నీరొస్తే పాత నీరు కొట్టుకుపోతుందని పెద్దలు ఊరికే అన్నారా!" ఏమని తిట్టను? డ్రమ్ము లోపల చెయ్యి పెట్టి చూశాను, జిడ్డు లేదు, వాసన లేదు, నేను తోమినా అంత బాగా రాదు. వేరే ఎవరి ఇంట్లోనైనా ఆ పని చేసి ఉంటే మెచ్చుకునేదాన్ని.

ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రిలో నా ఉద్యోగమే అది. ఆపరేషన్లలో వాడిన కత్తెరలూ పట్టకార్లూ నెత్తురుతో మా గదికి వస్తాయి, మేము కడిగి, తుడిచి, భూతద్దంతో చూసి, గుడ్డలో కట్టకట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి, ఒక్క క్రిమి కూడా మిగలకుండా చేసి పంపిస్తాము. ఆవిరి యంత్రమంటే మరేం లేదు, గదంత ప్రెషర్ కుక్కర్. ప్రతి కట్ట మీదా ఒక టేపు అంటిస్తాము, తగినంత వేడి తగిలితే దాని మీది గీతలు నల్లబడతాయి, నల్లబడ్డాయంటే కట్ట శుభ్రమైనట్టు, అనుమానం అక్కర్లేదు. ఎంత హాయి! ఇంట్లో ఏదీ అట్లా తేలదు. ఆయన బయటి నుంచి వచ్చి చేతులు కడుక్కున్నారా లేదా, కడుక్కుంటే సబ్బుతోనేనా, మోచేతుల దాకానా వేళ్ళ కొసల దాకానా, నేను అడుగుతూనే ఉండేదాన్ని, ఆయన చెబుతూనే ఉండేవారు, ఆ తర్వాత చెప్పడం మానేసి చేతులు చాపి చూపించడం మొదలుపెట్టారు, ఇటూ అటూ తిప్పి, తనిఖీకి నిలబడ్డవాడిలా. అది వేళాకోళమనుకుని నవ్వేదాన్ని. ఇప్పుడు ఈ ఖాళీ గదిలో ఆ రెండు చేతులూ గుర్తొస్తే నవ్వు రావడం లేదు. అద్దాల పొడి ఇరుక్కున్న గోళ్ళు, అరగదీసే చక్రం తగిలి కాయ కాసిన బొటనవేలు. ఆ చేతుల్ని నేను చూసింది మురికి కోసమే.

పదీ పంతొమ్మిది. గది నిజంగానే ఖాళీ, సామాను లేక కాదు, అట్టపెట్టెలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి, మాట్లాడేవాళ్ళు లేక. ఇందాక కుర్చీ జరిపితే ఆ చప్పుడు గోడలకు తగిలి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ముందున్నవాళ్ళు పటాలు దించుకుపోయారు, మేకులు వదిలేశారు, ఆరు మేకులు, ఏ పటం ఎక్కడుండేదో గోడ రంగును బట్టి చెప్పొచ్చు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, ఆ గోడ మీదొక నీళ్ళ గొట్టం, గొట్టం మీదొక పావురం. పక్క వాటాలో ఎవరో ఎవరినో స్నానానికి పిలుస్తున్నారు, పిలిచినకొద్దీ గొంతు పెరుగుతోంది, అట్లా కేకేసి పిలవడానికైనా మనిషి ఉండాలి. పాత ఇంటివాళ్ళు ఇల్లు అమ్మేస్తున్నామని మూడు నెలల గడువిచ్చారు. మూడు నెలలంటే పన్నెండు ఆదివారాలు. పన్నెండుసార్లూ చెబుదామనుకున్నాను, ఇల్లు మారుతున్నాను, ఇదిగో కొత్త ఇల్లు ఫలానా చోట, అని. నలభై ఒక్క సెకన్లలో ఎక్కడ దూర్చను? మేనేజరు తింటున్నాడు అన్న తర్వాతా, సరే అయితే అనడానికి ముందూ ఒక చిన్న సందు ఉంటుంది, ఊపిరి తీసుకునేంత, ఆ సందులో చెప్పాలని ప్రతి వారం నోరు తెరిచేదాన్ని, ఏమీ అనకుండా మూసేదాన్ని. ఆ చేపకు పెట్టిన పేరు నాకు పెట్టినా సరిపోయేది.

కవరులో చేప పక్కకు వాలుతోంది. లేదు, వాలలేదు, కవరు ముడత అట్లా చూపిస్తోంది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. ఇవి ఆయన చేతులతో అరగదీసిన అద్దాలే, మూడేళ్ళయింది, దగ్గరివి అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి, నంబరు మారిందని తెలుస్తూనే ఉంది, మార్పించుకోలేదు. ఊళ్ళో ఎన్ని దుకాణాలు లేవు? వెళ్ళి కూర్చుంటే పావుగంట పని. వెళ్ళబుద్ధి కాలేదు. వాలలేదు, నిటారుగానే ఉన్నాడు మేనేజరు, నోరు మాత్రం పైకెత్తి నీటి అంచున గాలి మింగుతున్నాడు, అది మంచి గుర్తు కాదు. తొట్టెలో పదిహేను బక్కెట్ల కుళాయి నీళ్ళున్నాయి. కుళాయి తిప్పగానే వచ్చిన వాసన మా గది వాసనే, క్లోరిన్, నాకు ఆ వాసన వస్తే ప్రాణం లేచొస్తుంది, చేపకు ప్రాణం పోతుంది. క్లోరిన్ విరిగిపోయే చుక్కల మందు ఆయన వదిలి వెళ్ళిన సీసాలో అడుగున కొంచెం ఉంటే లెక్కపెట్టి వేశాను. నీళ్ళు తళతళలాడుతున్నాయి. గాజు మీద మరక లేదు, అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చూడటానికి ఎంత బాగున్నాయో! ఇంతే అందంగా ఉన్నాయి ఆ రోజు కూడా.

ఆ రోజు. దాని దగ్గరికి పోకుండా ఉందామనుకుంటూనే పోతున్నాను. ఏడాదయింది. కొత్త మిషను పని నేర్చుకోవడానికి ఆయన రెండు రోజులు వేరే ఊరు వెళ్ళారు. పద్నాలుగు చేపలుండేవి అప్పుడు. పిల్లలు లేని ఇంట్లో వాటి గోల, గోలంటే చప్పుడు కాదు, సాయంత్రం ఆయన తలుపు తీయగానే పద్నాలుగూ గాజు దగ్గరికి పరుగెత్తి రావడం, నేను తలుపు తీస్తే కదలకపోవడం. ఆయన వచ్చేసరికి తొట్టె అద్దంలా మెరవాలని, చూసి ఆశ్చర్యపోవాలని నాకు బుద్ధి పుట్టింది. చేపల్ని బక్కెట్‌లో వేసి, గాజు తోమి, ఫిల్టర్‌లోని స్పాంజి తీస్తే నల్లగా, జిగురుగా, పాచి వాసన. ఇన్నాళ్ళూ ఇది ఇంట్లో పెట్టుకుని అన్నం తిన్నామా అనిపించింది. స్పాంజిని మరిగే నీళ్ళలో ఉడకబెట్టాను. గులకరాళ్ళను ప్రెషర్ కుక్కర్‌లో పోసి, నీళ్ళు పోసి, మూడు విజిళ్ళు రానిచ్చాను. రాళ్ళు ఉడకబెట్టిన ఇల్లాలిని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా గదిలో ఈ సంగతి చెబితే రోజంతా నవ్వేవాళ్ళు, ఎవరికీ చెప్పలేదు. తర్వాత అంతా అమర్చి, కొత్త నీళ్ళు పోసి, చేపల్ని వదిలి, దీపం వేసి చూసుకుంటే కళ్ళు చెదిరాయి. నాలుగు రోజుల్లో పదమూడు పోయాయి. మేనేజరు తోకకు పుండు లేచి వారంగా వేరే బక్కెట్‌లో మందునీళ్ళలో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. జాలీ గరిటెతో ఒక్కొక్కదాన్నీ తీసి పాత కాగితంలో చుట్టారు, చుట్టే ముందు ఒక్క క్షణం అరచేతిలో పెట్టుకుని చూశారు. "ఫర్వాలేదులే. నీకు తెలీదు కదా" అన్నారు. ఆ రాత్రి అన్నాల దగ్గర, గోడకేసి చూస్తూ, "ఆ స్పాంజిలో ఉండేది మురికి కాదు. కంటికి కనపడని ప్రాణులు. చేపలు వదిలిన విషాన్ని అవే తిని నీళ్ళను బాగుచేస్తాయి. అవి చేరడానికి నెలలు పడుతుంది. పాత నీళ్ళలో పిండాలి గానీ ఎప్పుడూ కడక్కూడదు" అన్నారు, ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలనడం నేను చాలా ఏళ్ళుగా వినలేదు. అప్పుడు నేనేమనాలి? తప్పయిపోయిందండీ అంటే సరిపోయేది. నేను "అంటే క్రిములే కదా" అన్నాను. "క్రిములే, మంచివి." "మంచి క్రిములంటూ ఉండవండీ" అన్నాను, ఇరవై ఒక్కేళ్ళ సర్వీసు ఉన్నదాన్ని కదా, నాకు క్రిముల గురించి చెప్పడమేమిటి, చేపపిల్లకు ఈత నేర్పినట్టు. ఆయన నోరు తెరిచి, మూసేసి, లేచి చెయ్యి కడుక్కున్నారు. మోచేతి దాకా కడుక్కున్నారు. నేను చూస్తూ కూర్చున్నాను.

నాలుగు నెలలకు ఆయన, "ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు" అన్నారు. నేను లేచి వెళ్ళి కిటికీలు తెరిచాను. ఒట్టు, నిజంగా తెరిచాను, వంటింటి కిటికీ కూడా. తెరిచి వెనక్కి తిరిగితే ఆయన మొహంలో ఒక రకమైన నవ్వు, అది చూసి అప్పుడర్థమైంది గానీ అప్పటికే ఆయన మంచం కింది నుంచి పెట్టె లాగుతున్నారు. వేరే ఎవరూ లేరు, అది నాకు తెలుసు, మూడు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో అదే కంపెనీ దుకాణం, దాని మీద ఒక గది, అంతే. వేరే మనిషి ఉన్నా తిట్టుకోవడానికి ఒకరు దొరికేవారు. గుమ్మంలో నిలబడి అక్వేరియం వైపు చూసి, "వాణ్ణి కదిలించొద్దు. ఈ వయసులో చోటు మారితే తట్టుకోలేడు" అన్నారు. చేప మీద అంత దయ! నా వయసు యాభై, నేను తట్టుకుంటానో లేదో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ కోపంతోనే మొదట్లో మేత వేసేదాన్ని, చావనిస్తానా, చస్తే నా మీదకే వస్తుంది, అని. ఎప్పుడు మారిందో తెలియదు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే మేనేజరు గాజు దగ్గరికి వచ్చాడు. నా కోసం. మేత కోసమే లెండి, నాకు తెలుసు. అయినా చెప్పులు విప్పకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

పదీ ముప్ఫై ఆరు. ఇప్పుడు నిజంగానే వాలాడు. కళ్ళద్దాల తప్పు కాదు, కవరు ముడత కాదు. ఒక పక్క రెక్క ఆడుతోంది, ఇంకోటి ఆడటం లేదు. ముడి విప్పాను, గాలి తగలనీ అని. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, ఆయన పేరు దగ్గర బొటనవేలు పెట్టాను, ఏం చెయ్యాలో ఆయనకు ఒక్క మాటలో తెలుస్తుంది, కానీ ఎనిమిది నెలల్లో నేనుగా ఒక్కసారి కూడా చెయ్యలేదు, ఇప్పుడు చేస్తే మోగగానే అర్థమైపోతుంది, మళ్ళీ చంపావా అనరు, ఫర్వాలేదులే అంటారు, ఆ ఫర్వాలేదులే నేను ఇంకోసారి వినలేను. పైగా ఇప్పుడే మాట్లాడేస్తే పదకొండింటికి చెయ్యరేమో. ఈ వారం మాటలు అయిపోతాయి. మనిషి ఎంత దిగజారిపోతుందో చూడండి, పక్కన ప్రాణి చస్తుంటే నలభై ఒక్క సెకన్ల కోసం పీనాసితనం. ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టేశాను. తొట్టెలో నీళ్ళు ఒక గ్లాసు తీసి కవరులో పోశాను, కొంచెం ఆగి ఇంకో గ్లాసు. నీళ్ళు అలవాటవ్వాలి. ఎవరికైనా అంతే కదా, కొంచెం కొంచెంగా. నన్ను మాత్రం ఒక్కసారిగా వదిలేశారు.

వంటింటి సింకులో స్టీలు డబ్బా ఉంది, అందులో స్పాంజి. పొద్దున్న పాత ఇంట్లో ఫిల్టర్ విప్పి, ఆరిపోకుండా అడుగున మిగిలిన చెంబెడు పాత నీళ్ళలో దాన్ని వేసి, డబ్బా మూత నొక్కి, కవరుతో పాటు ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ఆ మూడు విజిళ్ళ తర్వాత ఆ స్పాంజిని నేను ఈ పొద్దుటి వరకూ ముట్టుకోలేదు. పాత నీళ్ళలో పిండి పెట్టేది ఆయనే, ఆయన వెళ్ళాక అది అలాగే ఉండిపోయింది, ఎనిమిది నెలల మురికి. ఇందాక ఇక్కడికి రాగానే అలవాటు కొద్దీ డబ్బా తెచ్చి కుళాయి కింద పెట్టేశాను, చెయ్యి కుళాయి మీదకు వెళ్ళింది కూడా. ఎట్లా ఆగిందో. ఇప్పుడు మూత తీస్తే చెరువు వాసన గుప్పుమంది. నల్లగా, జిగురుగా, ఎక్కడా రంధ్రం కనిపించకుండా పూడుకుపోయి ఉంది. ఒక్కసారి, ఊరికే ఒక్కసారి నీళ్ళ కింద పెట్టి తీస్తే? పైపైన? నా చేతులకు ఆ మాట చెప్పక్కర్లేదు, అవే కదులుతాయి. చేతితొడుగులు ఏ అట్టపెట్టెలో ఉన్నాయో తెలియదు. తలెత్తి చూస్తే గుమ్మంలోంచి తొట్టె కనిపిస్తోంది, ఆ తళతళలాడే నీళ్ళు, వాటి మధ్య కవరులో తెల్లబడిన నారింజ రంగు ముక్క. ఆ నీళ్ళలో మురికి లేదు, అందుకే అందులో ఎవరూ బతకలేరు. మా ఇల్లు కూడా ఇరవై నాలుగేళ్ళు అంత శుభ్రంగానూ ఉంచాను.

వట్టి చేత్తో తీశాను. మెత్తగా, చల్లగా, జారిపోతూ ఉంది. తొట్టె దగ్గరికి తీసుకెళ్ళేలోపు మోచేతి దాకా నల్లటి చార కారింది, నేల మీద చుక్కలు పడ్డాయి, తుడవలేదు. నీళ్ళ మీద పెట్టి పిండాను. గోధుమ రంగు మబ్బొకటి దిగి నెమ్మదిగా విచ్చుకుని గులకరాళ్ళను కప్పేసింది. ఇంకోసారి పిండాను. ఇంకోసారి. పదిహేను బక్కెట్ల శుభ్రమైన నీళ్ళను నా చేతులతో నేను పాడుచేశాను, పాడు కాదు, బాగుచేశానేమో, ఏ మాట వాడాలో కూడా తెలియడం లేదు. డబ్బాలోని చెంబెడు పాత నీళ్ళు కూడా పోసేశాను. స్పాంజిని ఫిల్టర్‌లో దోపి మిషను పెట్టాను, గురగురమని శబ్దం మొదలైంది, ఎనిమిది నెలలు నాతో మాట్లాడింది అదొక్కటే, ఆ శబ్దం రాగానే ఇది ఇల్లయింది. అప్పుడు కవరు వంచాను. మేనేజరు జారి, ఒక్కసారి తోక ఆడించి, రాయిలా అడుగుకు పోయి గులకరాళ్ళ మీద పక్కకు వాలి ఉండిపోయాడు. మబ్బులో సరిగా కనిపించడం లేదు. గాజుకు ముక్కు ఆనించాను. "లే నాయనా" అన్నాను. పైకే అన్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటాను, లే." కాళ్ళు లేనివాడి కాళ్ళు పట్టుకుంటానంటున్నాను.

ఫోన్ మోగింది. ఎడమచేత్తో తీశాను, కుడిచెయ్యి గాలిలో పట్టుకుని.

"మేనేజరు ఎలా ఉన్నాడు?"

బాగున్నాడు అనే మాట నాలుక చివర ఉంది, ముప్ఫై నాలుగు ఆదివారాలుగా అక్కడే ఉంది. రాలేదు.

"ఏమైంది?" అన్నారు ఆయన. ఇది కొత్త మాట.

"మేం ఇల్లు మారాం."

"మేం అంటే?"

ఎనిమిది నెలలుగా మనం అనలేక, నేను అనడం ఇష్టం లేక, ఏదీ అనకుండా నెట్టుకొచ్చాను, ఈ మేం ఎక్కడి నుంచి వచ్చిందో. "నేనూ, వాడూ" అన్నాను. "ఇంటివాళ్ళు అమ్మేశారు. కదిలించొద్దన్నారు మీరు. కదిలించక తప్పలేదు."

"పాత నీళ్ళు తీసుకెళ్ళావా?"

"డ్రమ్ము నిండా పట్టాను. సామాన్లవాళ్ళు పారబోసి డ్రమ్ము కడిగేశారు."

ఆయన ఊపిరి వినిపించింది. "మరి స్పాంజి?" అన్నారు, చాలా మెల్లగా, జవాబు ముందే తెలిసినవాడిలా.

"కడగలేదు" అన్నాను. "కడగలేదండీ. అట్లాగే తెచ్చి తొట్టెలో పిండాను. నీళ్ళన్నీ మురికి చేశాను. చెయ్యి కూడా ఇంకా కడుక్కోలేదు." ఆ తర్వాత, అడక్కుండానే, ఏడాదిగా నోట్లో నానుతున్నది వచ్చేసింది. "అప్పుడు మిమ్మల్ని అడక్కుండా ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. తప్పయిపోయింది."

ఆయన ఫర్వాలేదులే అనలేదు, అందుకు ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో. మబ్బు విడుతోంది. అడుగున తెల్లటి తోక ఒకటి ఆడింది, ఆగింది, మళ్ళీ ఆడింది. లేచాడు. కొంచెం వంకరగా, కొంచెం ఇంకెవరి కోసమో వెతుకుతున్నట్టు, ఎడమ మూలకు వెళ్ళి చూశాడు, అక్కడి నుంచి వెనక మూలకు.

"తిరుగుతున్నాడు" అన్నాను. "మూలలన్నీ చూస్తున్నాడు."

"హమ్మయ్య" అన్నారు ఆయన, నవ్వు వినిపించింది, ఆ నవ్వు నాకు తెలుసు. "తనిఖీ మొదలెట్టాడంటే బాగున్నట్టే. రెండ్రోజులు మేత వెయ్యకు. సరే అయి—"

"మేనేజరు బాగున్నాడు" అన్నాను. "నేనే బాగాలేను."

సరే అయితే అనే మాట సగంలో ఆగిపోయింది. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను, అంకెలు నడుస్తున్నాయి, రెండు నిమిషాలు దాటాయి, రెండూ పన్నెండు, రెండూ పదమూడు. మళ్ళీ చెవికి ఆనించుకున్నాను. పెట్టేసిన చప్పుడు రాలేదు, ఎక్కడో ఆయన గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్న శబ్దం వచ్చింది. నేనూ కూర్చున్నాను, చెరువు వాసన వేస్తున్న కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని.